సముద్రం చుట్టూ గీత

మామయ్య ఇంట్లో అందరూ ఆమెను గ్లోబు అనేవారు. అంతర్జాతీయ అధ్యయనాల డిగ్రీలో చేరిన రోజే అత్తయ్య పెట్టిన పేరది. ముద్దుకు పెట్టింది కాదు.

"గడప దాటని మనిషికి దేశాల గొడవ ఎందుకే? ఇవాళ సీటు రాకపోతే నోరు మూసుకుని మీ మామయ్య జిరాక్స్ షాపులో కూర్చో," అంది అత్తయ్య, టీ గ్లాసు టక్కున పెట్టి.

"వస్తుంది అత్తయ్యా. షాపుకి ఇంకొకర్ని చూసుకోండి."

ఆ డిగ్రీలో ప్రత్యేకంగా చదివే ప్రాంతీయ అధ్యయనానికి ఉన్నది ఒక్కటే సీటు. పోటీలో మిగిలింది గ్లోబు, అత్తయ్య కొడుకు. పరీక్ష, ఆ విభాగం నడిపే పెద్ద మాస్టారి పద్ధతిలోనే జరగాలి. సరిహద్దులు లేని ప్రపంచ పటం నల్ల గుడ్డ మీద ఉంటుంది. సుద్దముక్కతో ఒకే సంస్కృతి ఉన్న ప్రాంతం చుట్టూ గీత గీసి, కారణం చెప్పాలి. గీసింది చెరపకూడదు.

బావ ముందు వెళ్ళాడు. చకచకా గీత గీసేశాడు.

"ఇక్కడే ఎందుకు ఆపావు?" అడిగాడు మాస్టారు.

"పుస్తకంలో అక్కడిదాకానే ఉంది సార్."

మాస్టారు కూర్చోమన్నాడు. ఇంకో ప్రశ్న వేయలేదు.

గ్లోబు ఒక ఇరుకు సముద్రాన్ని మధ్యలో పెట్టి, రెండు తీరాలనూ కలిపి చుట్టేసింది.

బావ కిసుక్కున నవ్వాడు. "చేపల సంస్కృతా మరదలా?"

"పడవలవాళ్ళది బావా." మాస్టారి వైపు తిరిగింది. "ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ తరతరాలుగా రాకపోకలున్నాయి సార్. పిల్లనిచ్చి పుచ్చుకున్నారు. తెరచాపలు ఒకటే, పాటలు ఒకటే. వెనకున్న కొండలు మాత్రం ఎవరూ దాటలేదు. అందుకే గీత కొండల మీద వేశాను."

మాస్టారు లేచి పటం దగ్గరికొచ్చాడు. ఆ ఇరుకు సముద్రం మొదలయ్యే చోట ఒక దీవి గీతకు బయట ఉండిపోయింది.

"దీన్ని వదిలేశావేం? చిన్నదనా?"

తప్పించుకునే దారి ఆయనే చూపించాడు. ఔనంటే సరిపోయేది. బావ ముందుకు వంగాడు.

"కాదు సార్, మర్చిపోయాను. వాళ్ళ పడవలూ ఈ రేవులకే వస్తాయి. లోపల ఉండాల్సింది."

"చెరపకూడదు."

"చెరపను." దీవి చుట్టూ ఇంకో గీత గీసి పెద్దదానికి కలిపేసింది.

మాస్టారు దీవికి మార్కులు కోసేశాడు. జాలిపడటం ఆయనకు అలవాటు లేదు. సీటు మాత్రం ఆమెకే రాశాడు.

"మొదటి వ్యాసం ఆ దీవి మీదే. ఇంకోసారి మర్చిపోవు."

మెట్లు దిగుతూ బావ గొణిగాడు. "అమ్మకి ఏం చెప్పాలే ఇప్పుడు?"

"షాపుకి మనిషి దొరికాడని చెప్పు బావా."