నీళ్ళు నమిలిన అల్లుడు

కూతురి కాలు విరిగిందని కబురందిన మర్నాడే అత్తగారు దిగిపోయింది. ఒక చేతిలో బట్టల సంచి, రెండో చేతిలో సొంత గరిటె. నూలుమిల్లు క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్ళు పెద్ద వంటమనిషిగా చేసి, రోజూ నాలుగొందల మందికి వండిపెట్టిన మనిషి ఆవిడ. కూర నోట్లో వేసుకోకుండా, వాసన చూసే ఉప్పు చాల్లేదని చెప్పేస్తుందని మిల్లంతా చెప్పుకునేవారు. కళ్ళజోళ్ళ కొట్లో పనిచేసే భార్య, ఆ కొట్టు మెట్ల మీదే జారి మడమ విరగ్గొట్టుకున్నందుకు అల్లుడికి బాధగానే ఉంది. కాకపోతే ఆరు వారాలు అత్తగారి చేతి వంట అనుకునేసరికి ఆ బాధ ముఖంలో సరిగ్గా నిలబడలేదు.

అతను కోడిమాంసం ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటరు. ఏ మెషినని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఫ్యాక్టరీవాళ్ళు సూపర్‌మార్కెట్లకు పంపే ప్యాకెట్లే నెలనెలా పనివాళ్ళకీ కొన్ని ఊరికే ఇచ్చేవారు. అందుకని ఆ ఇంట్లో ఫ్రీజరు తలుపు మోకాలితో నెడితే గానీ పడేది కాదు.

మొదటి ఆదివారం అత్తగారు వేపుడు మొదలుపెట్టింది. నూనె కాగింది, ఉల్లిపాయ ఎర్రబడింది, ముక్కలు పడ్డాయి. చుయ్యిమన్న చప్పుడు రెండు నిమిషాల్లో బుడబుడగా మారిపోయింది. పెనం నిండా తెల్లటి నీళ్ళు, పైన సబ్బునురగ లాంటి నురగ. నీళ్ళు ఇగిరేదాకా ఉంచితే ముక్కలు స్పాంజిలా తయారయ్యాయి. పంటి కింద కిచకిచమన్నాయి.

"మీ పొయ్యికి మంట చాలడం లేదే," అంది కూతురితో.

బుధవారం మంట పెంచింది. మళ్ళీ అదే చెరువు. శుక్రవారం పెనాన్ని అనుమానించి, పైవాటా వాళ్ళ ఇనప పెనం అడిగి తెచ్చింది. చెరువు ఇనప పెనంలోకి మారింది, అంతే. ప్రతిసారీ అల్లుడు తల పైకెత్తకుండా తిని, "బాగుందత్తయ్యా," అనేవాడు. తేలు కుట్టిన దొంగ అంతకంటే ఏమంటాడు?

ఎందుకంటే అతను నడిపేది సూదుల మెషిను. కదిలే బెల్టు మీద వచ్చే మాంసంలోకి నూరు సూదులు ఒక్కసారిగా దిగి ఉప్పునీళ్ళు ఎక్కిస్తాయి. అత్తగారి పెనంలోకి వచ్చిన నీళ్ళన్నీ తను ఎక్కించినవే.

రెండో ఆదివారం గరిటె తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఇక నుంచి మీరే వండండి బాబూ. నేను ఉల్లిపాయలు తరిగిపెడతాను."

"అదేంటత్తయ్యా!"

"చేతి వాసి పోయింది. వయసన్నాక పోదూ?"

భార్య కుర్చీ మీద కట్టుకాలు చాపుకుని అతని వంకే చూస్తోంది. "ఏమండీ, రోజూ ఆ మాంసంలోనే ఉంటారుగా. అంత నీరెందుకొస్తోందో మీకేమైనా తెలుసా?"

"అంటే... చలి... మంచు కదా..." అని నీళ్ళు నమిలాడు.

మర్నాడు డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులేసుకుంటుంటే వంటింట్లోంచి ఫోను మాటలు వినిపించాయి. మిల్లులో కొత్త వంటవాళ్ళకి పని నేర్పడానికి ఒక నెల రమ్మని పాత స్నేహితురాలు పిలుస్తోంది. "నన్నొదిలెయ్యవే," అంటోంది అత్తగారు. "నాకే వేపుడు రావట్లేదు, నేనొకళ్ళకి నేర్పడమా? నవ్విపోతారు." ఆ మాటని నవ్వుతూనే అంది. ఫోను పెట్టేశాక మాత్రం పైటచెంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ రోజు అల్లుడు సూదులు దిగినప్పుడల్లా తనకే గుచ్చుకున్నట్టు ఉలిక్కిపడ్డాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా కిలో ప్యాకెట్ ఒకటి విప్పి, చిల్లుల గిన్నెలో వేసి, కింద ఇంకో గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో దాచాడు.

పొద్దున్నే ఇద్దరినీ వంటింట్లో కూర్చోబెట్టాడు. కరిగిన మాంసాన్ని కాటా మీద పెడితే ఎనిమిదొందల అరవై గ్రాములు తూగింది. కింద గిన్నెలో గులాబీరంగు నీళ్ళు.

"కిలో అన్నారుగా?" అంది అత్తగారు.

"మాంసమూ నీళ్ళూ కలిపి కిలో అత్తయ్యా. ఇంకా పూర్తిగా దిగలేదు, మిగతావి పెనంలో దిగుతాయి." ఊపిరి పీల్చుకుని ఒక్క గుక్కలో చెప్పేశాడు. "మీ చేతి తప్పు కాదు. ఆ నీళ్ళు ఎక్కించేది నేనే. నా మెషిను పనే అది."

అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. భార్య కొట్లో వాడే భూతద్దం తన సంచిలోంచి తీయించుకుని ప్యాకెట్ వెనక చదివింది. "కోడిమాంసం, ఎనభై శాతం. నీరు, ఉప్పు, పిండి, ఫాస్ఫేట్... అమ్మా, అన్నీ రాశారే! చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు."

"ఫాస్ఫేట్ అంటే?"

"ఎక్కించిన నీళ్ళు బయటికి పోకుండా మాంసంలో పట్టి ఉంచేది," అన్నాడు అల్లుడు.

"జైలరన్నమాట!"

ఇప్పుడు తిట్లు పడతాయని అతను తల వంచుకున్నాడు. బదులుగా పొట్ట పట్టుకుని నవ్వుతున్న చప్పుడు వినిపించింది. అత్తగారు కళ్ళనీళ్ళు తుడుచుకుని ఫోనందుకుంది. "ఒసేయ్, పిల్ల కట్టు విప్పగానే వస్తానే! నా చేతికేం రాలేదు, రోగమంతా మా అల్లుడిది!" ఫోను పెట్టేసి ఇటు తిరిగింది. "పది రోజులు నోరు మెదపలేదే బాబూ! నేను పొయ్యిని తిట్టా, పెనాన్ని తిట్టా. తిట్టాల్సినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని వడ్డించానా?" ఈసారి నవ్వలేదు. అతను క్షమించమన్నాడు. "క్షమిస్తా. నన్ను మీ మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళండి."

మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, చట్టప్రకారం అంతా ప్యాకెట్ మీద రాసే ఉందన్నాడు. "మామూలు మాంసం అమ్మితే గట్టిగా ఉందని ఫిర్యాదులొచ్చేవమ్మా. ఇదైతే ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా మెత్తగానే ఉంటుంది. వంట రానివాళ్ళకి వరం."

"వంట వచ్చినవాళ్ళకో?"

అత్తగారు సూదుల దాకా వెళ్ళని మాంసం ఒక కిలో, వెళ్ళినది ఒక కిలో అడిగి పుచ్చుకుని, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే రెండు పెనాలు పక్కపక్కన పెట్టింది. భోజనాల వేళకి జనం మూగారు. ఒక పెనం చిటపటలాడుతుంటే, రెండోది స్నానానికి నీళ్ళు కాగినట్టు కాగింది. మొదటి పెనంలో అడుగంటింది కూడా మిగల్లేదు. మేనేజరు మూడు ముక్కలు తిన్నాడు. నాలుగోది వంగి తీసుకుంటుంటే ప్యాకింగులో పనిచేసే ఒకావిడ చెయ్యి అతనికంటే ముందే దాని మీద పడింది.

దానితో సూదులు ఆగిపోలేదు, ఆర్డర్లు ఆర్డర్లే. కానీ ఆ నెల నుంచి పనివాళ్ళకిచ్చే ప్యాకెట్లు సూదుల దాకా వెళ్ళని మాంసానివే కావాలని అందరూ సంతకాలు పెట్టి అడిగారు. మేనేజరు ఒప్పుకున్నాడు, తనకీ రెండు పక్కన పెట్టించుకున్నాడు. ప్యాకెట్ మీద అక్షరాలు పెద్దవి చెయ్యమని పైవాళ్ళకి రాస్తానన్నాడు. రాశాడో లేదో ఇంతవరకూ తెలియదు.

కూతురి కట్టు విప్పాక, మిల్లుకి వెళ్ళేముందు అత్తగారు అల్లుణ్ణి పొయ్యి ముందు నిలబెట్టింది. ముక్కల తడిని పొడిబట్టతో అద్దించింది. పెనం కిక్కిరిసిపోకుండా కాసిన్నే వెయ్యమంది. "గెలకొద్దు బాబూ, దాని పని దాన్ని చేసుకోనివ్వండి," అంటూ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. అతను మరీ బుద్ధిగా ఆగాడు. ఒకవైపు మాడింది.

భార్య కుంటుకుంటూ వచ్చి పెనంలోంచే ఒక ముక్క తీసి కొరికింది. "మాడింది," అంది. ఇంకోటి తీసుకుంది.