వాయుసొరంగమున చారుమతి

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున మార్తాండుడు నడినెత్తిని నిలిచి నిప్పులు చెరుగుచుండ కొండవాలునందలి జీడిమామిడి చెట్లు ఆకైనను కదల్పక మ్రాన్పడి నిలిచియుండెను. దిగువ సముద్రము కరగించి పోసిన సీసమువలె నిశ్చలమై మెరయుచుండెను. లోకమెల్ల నిర్వాతమై యుక్కపోతతో నుడికిపోవు నా వేళ కొండమీది విమానపరిశోధనాలయమున మాత్రము మానవనిర్మితమైన ప్రభంజనమొకటి పుట్టుటకు సిద్ధమగుచుండెను.

అచ్చట వాయుసొరంగములు మూడు గలవు. మొదటిది రెండు కొసలును తెరచియుండి వెలుపలిగాలిని ఒకవైపున పీల్చి వేరొకవైపున విడుచునది. రెండవది ఉక్కుతొట్లలో దట్టించిన గాలిని కొన్ని క్షణములపాటు ధ్వనిని మించిన వేగముతో వెడలగ్రక్కునది. అన్నిటికంటె పెద్దదైన మూడవదానికి కొసలే లేవు. బ్రహ్మాండమైన పంకాచే త్రోయబడిన గాలి నాలుగు మూలలును తిరిగి మరల నా పంకానే చేరి యెడతెగక పరిభ్రమించుచుండును.

ఈ మూడవ సొరంగపు మిక్కిలి విశాలమైన గదిలో నిరువదియారేండ్ల యింజనీరు చారుమతి మోకరిల్లి గాలిని తిన్నన చేయు తేనెపట్టువంటి లోహపుజాలకమునకు పట్టిన ధూళిని తుడుచుచుండెను. ఆ జాలకమునకు ఆవల దారి క్రమముగా నిరుకై పరీక్షాస్థానమున నిలిపిన విమానపు నమూనాను చేరును. లోపలికి బోవువారు తలుపునకు ఎర్రబిళ్ల తగిలింపవలయునను నియమము కలదు. క్షణములో తిరిగి వత్తునుగదా యని చారుమతి యా బిళ్లను బల్లమీదనే విడిచి వచ్చెను.

అంతలో వెనుకనుండి తలుపు మూతపడి యినుపగడియ ఖంగుమని దిగెను.

"లోపల నేనున్నాను! తలుపు తీయుడు!"

ఆ కేక గోడలకు తగిలి యామెకే తిరిగి వినవచ్చెను. తలుపు బాదిన పిడికిళ్లు కమిలెనేగాని దళసరియైన యా యినుము ఇంచుకయు పలుకదయ్యెను. మరుక్షణమున పాదములక్రింద నేల సన్నగా వణకసాగెను. పంకా తిరుగనారంభించినదని యామె గ్రహించెను.

భయముచే చెదరిపోవు బుద్ధిని చారుమతి బలిమిని కూడదీసికొనెను. ఇరుకుచోట గంటకు మూడువందల కిలోమీటర్లు పరుగిడు గాలి దానికి తొమ్మిదిరెట్లు వైశాల్యముగల యీ గదిలో తొమ్మిదవ వంతు వేగముతోనే పోవును. జాలకమున్నంతవరకు అది తన్ను ఇరుకులోనికి ఈడ్వజాలదు. అయినను అదే గాలి మరల మరల తిరిగి రాపిడిచే వేడెక్కుననియు పరీక్ష గంటకుపైగా సాగుననియు తలపునకు రాగా నా ధైర్యమును నిలువదయ్యెను. అప్పటికే శ్వాస సెగవలె తగులుచుండెను.

ఆమె తన దళసరి పైకోటు విప్పి జాలకమునకు ఒత్తిపట్టెను. ప్రవాహమున చీలిక కలిగి నమూనా తొట్రిల్లి దాని కదలికను గీతగా వ్రాయు వెలుపలి యంత్రమున తేడా కనబడిన నవ్వలివారికి తెలియకపోవునా యని యామె యాస. కాని గాలి తగ్గుటకు మారు హోరున హెచ్చెను! కన్నులు తెరవరాక జుట్టు ముఖమును కొరడావలె కొట్టుచుండ "అమ్మా!" యని యామె పసిబిడ్డవలె నేడ్చెను.

ఆ యేడ్పులోనే యొక యూహ తోచెను. కోటు మూడుమారులు తీసి మూడుమారులు ఒత్తి కొంత యాగి మరల నట్లే చేసెను. చేతులు పడిపోవువరకు చేసెను. లెక్క తప్పిపోవునేమోయను భయము ఊపిరి యాడదను భయముకంటె నధికమై యామెను పీడించెను.

హఠాత్తుగా హోరు సన్నగిల్లి గడియ కదలెను. ముప్పదియేండ్లుగా నచ్చట పనిచేయు సింహాచలము లోనికి పరుగిడివచ్చెను.

"చారుమతమ్మా! బతికే ఉన్నావా తల్లీ? నానే సూడకుండా తలుపేసీసినాను!"

"తప్పు నీది కాదు. బిళ్ల తగిలింపనిదానను నేను. నీకెట్లు తెలిసినది?"

"బొమ్మకేదో అయిందని దొరగారు గాలి పెంచమన్నారమ్మా. ఆ గీత సూస్తే మూడేసిసార్లు పడతాది, లెగుస్తాది. గాలికి లెక్కలొస్తాయేటి? మనిషే అనుకొని పంకా ఆపీసినాను."

గాలి హెచ్చింపుమని యాజ్ఞాపించిన ప్రధానాధికారి రామభద్రయ్య ముఖము పాలిపోయి ద్వారమున నిలిచియుండెను. అతడు చేతనున్న గీతపటమును నలుపబోయి "పరీక్ష చెడినది. ఇది యికనెందులకు?" అని గొణిగెను.

చారుమతి దానికై చేయి చాపెను. పటములో తిన్ననిగీత యొకటి మూడేసిమారులు క్రుంగి లేచి క్రుంగి లేచి యకస్మాత్తుగా ఆగిపోయియుండెను. శాస్త్రమునకు దోషమైన యా వంకరయే యామె ప్రాణము పలికిన పలుకు. వ్రేళ్ల వణకు మానకుండుటచే నామె చేతిలో నా గీత యింకను కదలుచున్నట్లే యుండెను.