రెండు పూతలు

ఆ రోజు తెల్లవారుజామున ఇంట్లో ముగ్గురున్నారు. గోళ్ల కింది రంగును కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటున్న గీతలమ్మ, మంచం మీద కూర్చుని మోకాలికి పట్టీ చుట్టుకుంటున్న ఆమె భర్త, గుమ్మంలో సైకిలుకు గాలి కొడుతున్న ఆమె చెల్లెలి కూతురు.

గీతలమ్మ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు. ఇరవై రెండేళ్లుగా మున్సిపాలిటీ రోడ్ల మీద గీతలు వేస్తోంది. నడుము కొంచెం వంగింది. ఖాళీగా నడిచేటప్పుడు కూడా కళ్లు నేల మీదే ఉంటాయి.

"ఇవాళ ఎక్కడ గీస్తున్నావే?" అన్నాడు భర్త.

"గీయడం కాదు, చెరపడం. ఆస్పత్రి రోడ్డులో సైకిళ్ల దారి."

పంపు ఆగింది. పిల్ల ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే గదిలో పనిచేస్తుంది. తెల్లారకముందే ఆ రోడ్డు మీదుగా వెళ్లాలి. నిరుడు లారీ తగిలి భుజం ఎముక విరిగింది. ఆ తర్వాతే అక్కడ సైకిళ్లకి పచ్చరంగు దారి వేశారు. ఎనిమిది నెలలుగా భయం లేదు.

"వేసింది మీరేగా పెద్దమ్మా, మీరే ఎందుకు చెరుపుతారు?"

"గీత మనది. రోడ్డు పైప్రభుత్వానిదట. అడక్కుండా వేశామని కాగితం పంపారు. కౌన్సిల్ వాళ్లు రెండుసార్లు తిరిగి రాశారు. పైవాళ్లు కుదరదన్నారు."

"ఎనిమిది నెలలూ తమ రోడ్డు తప్పిపోయిందనుకున్నారేమో పాపం, ఇప్పుడు దొరికింది," అన్నాడు భర్త. ఎవరూ నవ్వలేదు. పిల్ల పంపు గోడకు ఆనించి, సైకిలెక్కి వెళ్లిపోయింది.

పని మొదలయ్యేసరికి ఎండ ఎక్కింది. మేస్త్రీ కాగితం చదివి జేబులో పెట్టుకున్నాడు. రోలరు తోసే బక్కోడు నల్లరంగు డబ్బా మూత తీసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇందులో ఇంకో సీసా నూనె పోద్దాం. పలచగా పడుతుంది. రెండు వానలకి కొట్టుకుపోతుంది. చెరిపామని వాళ్లు రాసుకుంటారు, గీత మనకి మిగులుతుంది."

మేస్త్రీ అవతలి గోడ మీది సినిమా పోస్టరు చూడసాగాడు. ఆయన చూపు అటు తిప్పాడంటే సరేనన్నట్టే.

గీతలమ్మ సీసా చేతిలోకి తీసుకుంది. ఒకప్పుడు బడి ముందు పిల్లలు రోడ్డు దాటే గీతల్ని ఇలాగే పలచగా కప్పారు. వానలకి అక్కడొకటీ ఇక్కడొకటీ పైకి తేలాయి. పిల్లలకి కనబడ్డాయి. బస్సువాడికి కనబడలేదు. ఆ సాయంత్రం తారు మీది నెత్తురు కడిగినవాళ్లలో తనూ ఉంది.

సీసా కింద పెట్టేసింది. "చిక్కగా వెయ్. రెండు పూతలు."

"నీ పిల్ల వెళ్లే దారే కదక్కా."

"అందుకే."

మోకాళ్ల కింద గోనెసంచి వేసుకుని, అంచులు తనే కుంచెతో దిద్దింది. తన చేత్తో అచ్చురేకు పెట్టి వేసిన సైకిలు బొమ్మలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. హ్యాండిల్ మొదట పోతుంది, చక్రాలు తర్వాత. పాలక్యాన్లతో వెళ్తున్న ఒకాయన ఆగి, "నీకు చేతులెలా వచ్చాయమ్మా?" అన్నాడు. ఆమె తలెత్తలేదు. సాయంత్రానికి రోడ్డు కొత్త పలకలా ఉంది.

ఇంటికొచ్చేసరికి పిల్ల బట్టల మూట కట్టుకుని కూర్చుంది.

"బక్కోడు చెప్పాడు. పలచగా వేసుండొచ్చటగా."

"వేసుండొచ్చు."

"మరి?"

"కొంచెం కనబడినా నువ్వు నమ్ముతావు."

పిల్ల మూట ముడి విప్పి మళ్లీ బిగించింది. "ఆస్పత్రి హాస్టల్లో ఒక మంచం ఖాళీ ఉందట. అడిగొచ్చాను."

"అక్కడే ఉండు. ఆ రోడ్డెక్కకు."

"నువ్వు చెప్పక్కర్లేదులే," అంది పిల్ల.

భర్త మోకాలు పట్టుకుని గుమ్మందాకా వచ్చాడు. "తిని వెళ్లరాదుటే," అన్నాడు. పిల్ల ఆయన మోకాలి పట్టీ ఒకసారి బిగించి కట్టి, తాళం వేసిన సైకిలును గోడ దగ్గరే వదిలి బయటికి నడిచింది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, మూట గీతలమ్మ ఒళ్లో ఉంది. హాస్టలు మెట్ల మీద పిల్ల దాన్ని అందుకుంది. పెద్దమ్మ మొహం చూడలేదు, నల్లబడ్డ వేళ్లను చూసింది.

"ఆదివారం వస్తావా?"

"చూస్తాను."

లోపలికి అడుగుపెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు వంగి, కిటికీ గట్టు మీద ఒకటి పెట్టింది. తలుపు మెల్లగానే మూసింది. లోపల గడియ పడింది.

గట్టు మీద సైకిలు తాళంచెవి, దానికి ముడివేసిన ఎర్ర రిబ్బను ముక్క.