తడి ఆరని మూట

"ఇడ్లీల మీద నీళ్లు కారినయ్యే. ఇయ్యి నా కొడుక్కి పెడతావా?" అంది అత్త ఖైరున్నీసా, పళ్లెం వెనక్కి తోస్తూ.

మూతకి పట్టిన ఆవిరి చుక్కలుగా కారితే పై వరస ఇడ్లీలు తడిసి ముద్దవుతాయి. తడిసినవి ఆ ఇంట్లో ఎవరూ తినరు. అంటే షాజాదీ తింటుంది. పెళ్లయిన నాటి నుంచీ ఆ పై వరస ఆమెదే. ఎవరూ రాసివ్వలేదు గానీ ఆస్తి పంపకంలా స్థిరపడిపోయింది. ఆ పొద్దున కూడా పొయ్యి దగ్గర నిలబడే ఆ ముద్దలు మింగి బ్రాడీపేట ఆటో ఎక్కింది.

"మా ఆవిడకి ఇంట్లోనూ ఆవిరే, ఆస్పత్రిలోనూ ఆవిరే. అక్కడ జీతమిస్తారు, అదే తేడా" అని మొగుడు మాబు నలుగురిలో అంటుంటాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వేది, మొన్నమొన్నటి దాకా.

నర్సింగ్ హోములో మెట్ల కింద గది ఆమెది. ఆపరేషన్ కత్తెరలు, గుడ్డలు, దూది మూటలు కట్టి, క్రిములు చచ్చేలా ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టించాలి. అంతటితో అయిపోదు. ఆవిరి వదిలేశాక మూటలు ఆ వేడిలోనే అరగంటైనా ఉండి ఆరాలి. తడి మూట బయటికొచ్చిందంటే, ఆ తడి బయటి క్రిముల్ని లోపలికి పీల్చుకుంటుంది. పట్టించిన ఆవిరంతా దండగ. దానికి తోడు నీళ్లు శుద్ధిచేసే మిషన్ పాడైంది. బాయిలర్లో బోరు నీళ్లే పోస్తున్నారు. ఆ ఉప్పు నీళ్లు లోపల నురగ కట్టి ఆవిరితోపాటు ఎగిరొస్తాయి. కత్తెరల మీద తెల్ల మచ్చలు, గుడ్డల్లో చెమ్మ. హెడ్ నర్సు ప్రేమమ్మకి చెబితే, "డాక్టరు గారు బాగుచేయిస్తానన్నారు అమ్మాయ్" అంది. అది మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్నప్పటి మాట. ఇప్పుడు రైతులు మళ్లీ నారు పోసుకుంటున్నారు.

ఆ చెమ్మ పోవాలంటే అరగంట కూడా చాలదు. షాజాదీ పావుగంటకే తలుపు తీసేది. కోడలు గుమ్మంలో అడుగుపెట్టేదాకా ఖైరున్నీసా పొయ్యి ముట్టించదు మరి. కాస్త ఆలస్యమైతే "ఆస్పత్రిని నువ్వే మోస్తున్నావా?" అని మాబు. "నా కొడుకు ఆకలితో కూర్చున్నాడు" అని అత్త. ఆ మాటలు పడలేక మూటల దగ్గర ఆ కాస్త సమయం దొంగిలించేది. ఫ్యాను కింద పెడితే పై గుడ్డ ఇట్టే ఆరిపోయేది. లోపలి సంగతి ఆమెకు తెలుసు. తెలియకపోతే సిగ్గెందుకు?

ఆమె పుట్టింది పరుపులు కుట్టే ఇంట్లో. పిడికెడు చెమ్మ దూది కలిసిందని, కుట్టడం పూర్తయిన పరుపుని వాళ్ల నాన్న బుడాన్ మొత్తం విప్పేశాడు ఒకసారి. కొన్నవాళ్లు ఎదురుగా కూర్చునే ఉన్నారు. "పైన ఆరుద్దమ్మా, లోపల కుళ్లుద్ది" అన్నాడు కూతురితో, దూది ఎండలో పరుస్తూ. ఆయన కూతురై ఉండి ఈ పని చేస్తోంది.

ఆ మధ్యాహ్నం దుప్పట్లు ఇవ్వడానికి పై వార్డుకి వెళ్లింది. పొన్నూరు నుంచి వచ్చిన నాగజ్యోతి కిటికీ పక్క మంచం మీద ఉంది. తొలి కాన్పు, పోయిన వారం కడుపు కోసి బిడ్డని తీశారు. కుట్లు చీము పట్టాయి. ఆమె అత్త వెంకటరావమ్మ పక్క మంచాల వాళ్లందరికీ కారణం చెబుతోంది.

"పచ్చి బాలింత, పథ్యం చెయ్యొద్దూ? నేనటు తిరగ్గానే పండుమిరప పచ్చడి నాకింది. చీము పట్టక ఏం పట్టుద్ది? బిడ్డకి పాలిచ్చే దిక్కు కూడా లేదు."

నాగజ్యోతి కొంగుతో మొహం కప్పుకుంది. షాజాదీ దుప్పటి సర్దుతుంటే చిన్నగా అంది. "ఒక్క ముద్దేనక్కా. నోరు చేదుగా ఉందని. నా నాలుకే నన్నింత పని చేసింది."

షాజాదీ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఈ పిల్ల ఆపరేషన్ రోజు ఆమెకు బాగా గుర్తు. ఆడబిడ్డ అత్తగారు వాళ్లు భోజనానికి వస్తున్నారని ఆ ముందు సాయంత్రం పావుగంట కూడా ఆగకుండా మూటలు లాగేసింది. ఆ రాత్రి బిర్యానీ బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

కిందికొచ్చి ప్రేమమ్మకి చెప్పింది. ఆవిడ తలుపు దగ్గరగా వేసింది. "దానివల్లేనని నువ్వేమన్నా చూశావా? నోరు మూసుకో అమ్మాయ్. నీ ఉద్యోగం పోద్ది, నాదీ పోద్ది."

షాజాదీ ఆటోక్లేవ్ ముందు స్టూలు మీద కూలబడింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఇంట్లో తడిసిన ఇడ్లీ ఎవరికీ పెట్టకుండా తను మింగింది. ఇక్కడ తడిసిన మూటని తను మింగలేదు. ముక్కూమొహం తెలియని పిల్ల పొట్ట మీదికి పంపింది. ఆ పిల్ల అది మింగి, తప్పు నాదేనని కొంగు కప్పుకుని పడుకుంది. వాళ్లత్త ముందు ఆమె, తన అత్త ముందు తను. కాకపోతే తను చేసిన తప్పుకి ఆమె తిట్లు తింటోంది.

సాయంత్రం ఆవిరి వదిలింది. తలుపు తీసే వేళ దాటిపోతుంటే ఫోను మోగింది.

"ఎక్కడున్నావే? అమ్మ ఆకలంటోంది" అన్నాడు మాబు.

"మూటలు ఆరలేదు. రావడానికి ఆలస్యమవుద్ది."

"ఆరకపోతే రేపు ఆరతాయి. వచ్చి పొయ్యి ముట్టించు."

"నువ్వు ముట్టించు" అంది. అవతల మాబు ఏదో అరుస్తుండగానే ఫోను పెట్టేసింది.

మూటల్ని ఆ వేడిలోనే గంటసేపు ఉంచింది. తీశాక ఒక మూట ముడులు విప్పి, అట్టడుగు మడతలో చెయ్యి పెట్టింది. ఇంకా చెమ్మే. మూటలన్నీ విప్పి బల్ల మీద కుప్ప పోసింది.

"ఇవి పైకి పంపనండీ. ఆ నీళ్లు మారేదాకా ఏదీ పంపను" అంది ప్రేమమ్మతో.

"డాక్టరు గారికి నువ్వే చెప్పుకో" అంది ప్రేమమ్మ, మొహం తిప్పుకుని.

"చెబుతాను. ముందు పైన చెప్పాల్సింది ఉంది."

మెట్లెక్కింది. తిడతారు, కొడతారేమో, కొట్టనీ అనుకుంది. వార్డులో వెంకటరావమ్మ బిడ్డని ఒళ్లో వేసుకుని, చూడ్డానికొచ్చిన బంధువులకి పచ్చడి కథ మొదలుపెట్టింది.

"పచ్చడి వల్ల కాదు పెద్దమ్మా" అంది షాజాదీ, అందరికీ వినపడేలా. "ఆపరేషన్‌కి వాడిన మూటలు ఆరలేదు. తడి గుడ్డకి క్రిములు పడతాయి. తడివని తెలిసే పంపాను. పంపింది నేనే."

నాగజ్యోతి మొహం మీది కొంగు మెల్లగా తీసింది. తిట్టలేదు. కళ్లు పెద్దవి చేసుకుని షాజాదీనే చూసింది.

"అయితే నేను పచ్చడి తిన్నందుక్కాదా అక్కా?"

"కాదమ్మా."

ఆ పిల్ల కుట్లు పట్టుకుని, మోచేతి మీద కొంచెం లేచి, అత్త వైపు తిరిగింది.

"విన్నారా అత్తయ్యా?" అంది.