కతకట్ట

మూడో ఆకు కూడా నడిమధ్యకు చీలింది. నర్సవ్వ దాన్ని చప్పుడు కాకుండా గోనెపట్టా కిందికి తోసి, నాలుగో తునికాకు మీద రేకు అచ్చు పెట్టి కత్తెర ఆడించింది. కత్తెర పిడికి చుట్టిన పాతగుడ్డ నల్లబడి, ఆమె బొటనవేలు ఎటు వంగితే అటే వంగి గట్టిపడిపోయింది. కత్తిరించిన ఆకులో చిటికెడు తంబాకు పరిచి చుట్టబోయింది. సగం దూరం వెళ్లి వేళ్లు మొండికేశాయి. తంబాకు ఒళ్లో రాలింది.

కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తేలుకొండిలా లోపలికి తిరిగి రెండేళ్లయింది. ఎనిమిదో ఏట మొదలుపెట్టి యాభై ఏడు దాటిందాకా బీడీలు చుట్టిన వేళ్లు, బీడీ లేకపోయినా బీడీని పట్టుకున్నట్టే ఉంటున్నాయి. అన్నం ముద్దను కూడా చుట్టి, మూతి మడిచి, దారం కట్టి నోట్లో పెట్టుకుంటుందని పక్క చాట లసుమవ్వ ఎకసెక్కమాడేది.

కోరుట్లలోని ఆ కార్ఖానాలో ముప్పైమూడు చాటలు, అంటే చాట ముందేసుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు ముప్పైమూడు మంది. ఒక్కో చాటకు రోజుకు నలభై కట్టలు, కట్టకు ఇరవైఐదు బీడీలు. ఈ వేళ్లతో నర్సవ్వ పొద్దంతా తంటాలు పడితే ఎనిమిది కట్టలవుతాయి. తక్కిన ముప్పైరెండూ ఎక్కడివంటే, అవి నోటితో చుట్టినవి.

అక్కడ ఒక రివాజు ఉండేది. నర్సవ్వ కత చెబుతుంది. కత అయిపోగానే ఒక్కొక్క ఆడమనిషీ తన చాటలోంచి ఒక కట్ట తీసి నర్సవ్వ చాటలో పడేస్తుంది. దాన్ని కతకట్ట అనేవాళ్లు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. అడగకుండా వస్తేనే కతకట్ట, అడిగితే బిచ్చం. నర్సవ్వ ఏనాడూ అడగలేదు. అడిగే అవసరమూ రానివ్వలేదు. బస్టాండు హోటల్లో ఎవరో పైకి చదివే పేపరు చెవిన వేసుకుని వచ్చి, దానికి ఉప్పూకారం తగిలించేది. జగిత్యాల ఊరేగింపు ఎంత పొడుగంటే, ముందున్నవాళ్లు ఊరంతా తిరిగొచ్చి చాయ్ తాగి గ్లాసులు కడిగేసరికి కూడా వెనకవాళ్లు ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నారట. ఆ ఏటి ఎండ ఎంత మండిందంటే, తాడెక్కిన గౌడు దిగేసరికి లొట్టిలో కల్లు ఉడికి పాయసమైందట.

అన్నిటికంటే పెద్ద కత ఆమె పెనిమిటి సారయ్యది. పెళ్లయిన రెండో ఏడు బొంబాయి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. వేరొకతైతే ఏడ్చేది. నర్సవ్వ మాత్రం, ఆయన ఊరికి రావడానికి టికెట్ లైన్లో నిలబడే ఉన్నాడనీ, బొంబాయిలో లైన్లు అంత పొడుగుంటాయనీ చెప్పేది. రోజూ సారయ్య ఒక్క అడుగు ముందుకు జరిగేవాడు. ఆయన ముందు ఒంటె నిలబడేది, పెళ్లిబ్యాండు నిలబడేది, ఒకనాడు సముద్రమే వచ్చి లైన్లో నిలబడింది. "లైను ఏడిదాకచ్చిందే?" అన్నది కార్ఖానాలో పలకరింపు అయిపోయింది.

ఆ కతలన్నిటినీ మానస ఫోనులో పట్టింది. డిగ్రీ చదివి చాట ముందు కూర్చున్న పిల్ల. కూలి పంచే రోజున, లెక్కలు చూసే మున్షీ పక్కన కూర్చుని పుస్తకం రాసేదీ ఆమే. ఎండాకాలం ముందు ఒకరోజు ఫోను నర్సవ్వ నోటి దగ్గర పెట్టి, "అవ్వా, ఇగ నీ కతలన్ని కార్డుల ఎక్కిస్త. రోజుకొక్కటి చెప్పు" అంది.

కార్డు అంటే నర్సవ్వకు తెలిసింది ఒక్కటే. ఫోటో అంటించిన బీడీ కార్డు. అది ఉంటే చాటకు ఆకు, రోగానికి మందు, యాభై ఎనిమిది నిండగానే పింఛను. పుస్తకం రాసే పిల్ల కార్డులో ఎక్కిస్తానంటే, ఇక కతను కూడా కంపెనీ పనిగా జమకడుతోందని ఆమె మురిసిపోయింది. ఉన్న కతలన్నీ ఊడ్చి చెప్పింది. గొంతు బాగుండాలని మిరియాలు నమిలి మరీ చెప్పింది.

ఆ కతలు బస్టాండు దగ్గరి సెల్లు దుకాణంలోకి చేరాయి. అక్కడ తెలంగాణ ఉద్యమం పాటలూ, సభల్లోని మాటలూ, నర్సవ్వ కతలూ కలిపి అడిగినవాళ్ల ఫోన్లలో నింపుతున్నారు. సిరిసిల్లలో బట్టలు నేసే సాంచాల మోతకు పక్కవాడి మాట వినబడదు గానీ, చెవిలో వైరు పెట్టుకున్నవాడికి సారయ్య లైను వినబడుతుందట. దుబాయిలో ఉన్న మానస వాళ్ల అన్న నవీన్ నెట్లో దించుకుని గదిలో అందరికీ వినిపించాడట. ఇవన్నీ విని నర్సవ్వ, కంపెనీ తన కార్డును అంత దూరం ఎందుకు తిప్పుతోందో అర్థంకాక, పెద్దవాళ్ల లెక్కలు పెద్దవని ఊరుకుంది.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆకు లారీ ఆగింది. వారానికి మూడు రోజులు పని దొరికితే అదే పండుగ. దొరికిన రోజున ఎవరి తొందర వాళ్లది, ఎవరి చెవిలో వైరు వాళ్లది. ఇదివరకు అందరూ ఒక్కసారి నవ్వేవాళ్లు, పైకప్పు రేకులు ఎగిరేవి. ఇప్పుడు ఆ మూల ఒకామె నవ్వుతుంది, కాసేపటికి ఈ మూల ఇంకొకామె. ఆ నవ్వును బట్టి ఎవరి చెవిలో ఒంటె వచ్చిందో, ఎవరి చెవిలో సముద్రం వచ్చిందో నర్సవ్వ చెప్పగలదు. కతకట్ట మాత్రం ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. చేతులు ఊరికే మరచిపోయాయి.

మూడు ఆకులు చీలిన ఆ పొద్దున, మున్షీ లక్ష్మీరాజం వచ్చి ఆమె చాట ముందు నిలబడ్డాడు.

"నర్సవ్వా, మూడు వారాలాయె నీ చాట నిండక. ఉన్న ఆకే తక్కువ. ఇయ్యాల నలభై కట్టలు లేకుంటే నీ కార్డు కంపెనీకి వాపస్ పంపుమన్నరు. నన్ను అనకు మళ్ల."

"నా కార్డు తీసి సూడు సారూ. అండ్ల మస్తుగ ఎక్కినయ్ నా కతలు."

లక్ష్మీరాజం పెట్టెలోంచి కార్డు తీసి తెరిచి చూపించాడు. పాత ఫోటోలో నల్లజుట్టు నర్సవ్వ. గళ్లన్నీ ఖాళీ. నర్సవ్వ మానస వైపు చూసింది. మానసకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఫోను వెనక రేకు తీసి, గోరంత నల్ల ముక్కను అరచేతిలో పెట్టి చూపించింది.

"గీ కార్డు అవ్వా, నేను చెప్పింది. ఫోన్ల కార్డు."

కార్ఖానా అంతా ఒక్కసారి నవ్వింది. ఎన్నో నెలలకు ఒక్కసారి నవ్వింది. నర్సవ్వ ఎదురుచూస్తూ వచ్చిన నవ్వే, కాకపోతే ఆమె కోరుకున్న చోట రాలేదు. ఆమె కూడా నవ్వి, ఆ ముక్కను వంకర వేళ్లతో పట్టుకోబోయింది. పట్టు దొరకలేదు.

"గిండ్లనేనా నేనున్నది? కాళ్లు సాపుకునే జాగ లేదు గదనే బిడ్డా."

ఆ తర్వాత ఆమె నవ్వలేదు. ఆకు కత్తిరించింది, చుట్టింది, రాల్చింది, మళ్లీ చుట్టింది. పది గంటలకు రెండు కట్టలు. అరచేతిలో చెమట పట్టి ఆకు మెత్తబడింది. చివరికి గొంతు సవరించుకుని, "ఇనుండ్రే, సారయ్య లైను ఇయ్యాల టికెట్ కిటికీ కాడికచ్చింది" అని మొదలుపెట్టింది.

లసుమవ్వ ఒక చెవి వైరు తీసింది. "ఆగరాదే నర్సవ్వా. నీ కతనే ఇంటున్న. గిప్పుడే సముద్రమచ్చి లైన్ల నిలవడ్డది. నువ్వు నడుమ మాట్లాడితె నీ మాట ఇనవడుత లేదు." మళ్లీ వైరు పెట్టుకుంది.

మధ్యాహ్నానికి ఆరు కట్టలయ్యాయి. అప్పుడే వీధిలో డప్పులు మోగాయి. సమ్మెవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పట. అందరూ వైర్లు పీకి, కొంగులు దోపుకుని ఉరికారు. "దా అవ్వా" అని మానస చెయ్యి పట్టింది. "మీరు వోండ్రి బిడ్డా, నేనుంట" అంది నర్సవ్వ.

కార్ఖానా ఖాళీ అయింది. ముప్పైరెండు చాటల్లో కట్టలు పచ్చగా మెరుస్తున్నాయి. నర్సవ్వ గోడ పట్టుకుని లేచింది. దొంగతనం ఆమె బతుకులో లేదు. అందుకని మొదటి చాట ముందు నిలబడి కత మొదలుపెట్టింది. ముందున్న ఒంటె టికెట్ తీసుకుపోయింది, అని ఒక కట్ట తీసింది. బ్యాండువాళ్లు పోయారు, ఇంకో కట్ట. సముద్రం తన ఊరి పేరు చెప్పి టికెట్ కొనుక్కుంది, ఇంకొకటి. ముప్పైరెండు చాటల ముందూ ఆగి, ఎక్కడా తగ్గించకుండా, చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ చెప్పింది. విన్నవి గోడలే. చివరి చాట దగ్గర సారయ్య టికెట్ కిటికీ ముందుకొచ్చాడు. లోపలి మనిషి "ఏ ఊరికి?" అని అడిగాడు. ముప్పై ఏళ్లకు పైగా నిలబడ్డ సారయ్యకు ఊరి పేరు గుర్తురాలేదు. వెళ్లి లైను చివర నిలబడ్డాడు.

నర్సవ్వ కాసేపు ఆ చాట ముందే కూర్చుండిపోయింది. తర్వాత తన చోటికి పోయి, మిగిలిన రెండు కట్టలూ చుట్టింది.

అందరూ తిరిగొచ్చి తక్కిన కట్టలు చుట్టాక, సాయంత్రం లెక్క దగ్గర గొడవ మొదలైంది. ఎవరి చాట చూసినా ముప్పైతొమ్మిదే. "నలభై కట్టిన, నా పానం మీద ఒట్టు" అంటే "నేను గూడ" అని అరుపులు. కార్ఖానా కిటికీ కింద నర్సవ్వ చాట దగ్గరికొచ్చి లక్ష్మీరాజం ఆగిపోయాడు. సరిగ్గా నలభై. ముప్పైరెండు కట్టలకు ముప్పైరెండు రకాల ముడులు. బీడీలు చుట్టేవాళ్లలో ఎవరి ముడి వాళ్లకు తెలుసు.

"కత చెప్పే తీసుకున్న" అంది నర్సవ్వ. "మీరు లేకపోతిరి."

అరిచినవాళ్లంతా ఎవరి చాటల్లోకి వాళ్లు చూసుకున్నారు. నర్సవ్వ కట్టల్ని కొంగులో పోసుకుని, ముడి చూసి, ఎవరి కట్ట వాళ్ల చాటలో పెట్టుకుంటూ వచ్చింది. ఒక్కటి కూడా తప్పలేదు. లసుమవ్వ తన చాటకు చెయ్యి అడ్డం పెట్టింది.

"నాది ఉండనియ్యే. లైను ఏడిదాకచ్చిందో రేపు చెప్పు."

నర్సవ్వ ఆ కట్టను తన చాటలోనే పడేసి, గుమ్మం దాటింది. లక్ష్మీరాజం ఆమె సొంత ఎనిమిది కట్టలూ లెక్కలో జమచేసుకుని, ఆమె కార్డును పెట్టెలో పెట్టలేక, పంపేవాటిలో కలపలేక చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. చివరికి పంపేవాటిలోనే కలిపాడు.

బస్సులు లేవు. తల్లిగారి ఊరు బుగ్గారం వైపు ఒక ముసలామె రోడ్డంచున నడిచి పోతుంటే చూశామని వంటావార్పు దగ్గరివాళ్లు చెప్పారు. నాలుగో రోజు ఆకు వచ్చి కార్ఖానా తెరిచారు. ఆ మూలా ఈ మూలా నవ్వులు మొదలయ్యాయి. అప్పుడు లక్ష్మీరాజం లోపలికొచ్చి ఏదో అన్నాడు. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాడు. బుగ్గారం ఇంకా రెండు మైళ్లుందనగా, కల్వర్టు మీద కూర్చున్న నర్సవ్వ కూర్చున్నట్టే పోయిందట. మొన్న పొద్దున్నే మట్టి చేశారట.

వైర్లన్నీ ఒక్కసారి కిందపడ్డాయి. ఒళ్లల్లో, ముప్పైరెండు చోట్ల, నర్సవ్వ సన్నగా ఇంకా చెబుతూనే ఉంది. మానస లేచి తన ఫోను ఆపింది. ఒకరి తర్వాత ఒకరు ఆపారు. లైను ఎక్కడిదాకా వచ్చిందో ఎవరూ ఎవరినీ అడగలేదు.

కిటికీ కింద చాట ఉన్నచోటే ఉంది. అందులో గుడ్డ చుట్టిన కత్తెర, రేకు అచ్చు, ఎవరూ వినని కతకు లసుమవ్వ ముడితో ఒక్క కట్ట.