తప్పుకో దెబ్బ

నాలుగో దెబ్బకు బెత్తం విరిగింది. శాలిబండలోని ఆ ప్రైవేటు బడికి గోపాలకృష్ణ కరస్పాండెంట్. పిల్లల్ని కొట్టడం ఆయనకు జీతం లేని ఉద్యోగం. పదో తరగతి నందిని ఎడమ అరచెయ్యి చిట్లి నెత్తురు కారుతోంది. పొద్దున్నే తండ్రి మొగులయ్యతో బర్రెల పాలు పిండి వచ్చిన చెయ్యి అది.

"తప్పుకో దెబ్బ. ఇంకా ఎనిమిదున్నయ్," అన్నాడు గోపాలకృష్ణ ఫోన్ చూసి.

"సార్, గురి తప్పితెనే గదా నేర్చుకుంటరు," అంది లెక్కల టీచరు వసుధ.

"జీతం తీస్కుంటలేరా మేడం? సప్పుడు జెయ్యకుండ్రి." కొత్త బెత్తం కోసం ఆయన గుమ్మం దాకా వెళ్లి అటెండర్ని కేకేశాడు.

నందిని ముందున్న ట్యాబ్‌లో లెక్కల ఆట. ఉండేలు, గోడ, గోడవతల రాయితో పగలగొట్టాల్సిన కుండ. సమీకరణంలో అంకె మారిస్తే రాయి పోయే వంపు మారుతుంది. వసుధే మురిసిపోయి తెప్పించింది. ఆట ప్రతి తప్పునూ కరస్పాండెంట్ ఫోనుకు చేరవేస్తుందని తర్వాత తెలిసింది. కొరివితో తల గోక్కున్నట్టయింది.

వారం తిరక్కుండానే పిల్లలు దారి కనిపెట్టారు. వంతు ప్రకారం ఒకడు దెబ్బలు తిని జవాబు పట్టుకుంటాడు, మిగతావాళ్లు అదే నొక్కుతారు. నిన్నటి వంతు పింటూది. అందరికీ నూటికి నూరు, ఒక్కరికీ లెక్క రాదు. పన్నెండు వేల జీతం పోతుందని వసుధ ఇన్నాళ్లూ చూస్తూ ఊరుకుంది. పిరికితనం కాక మరేమిటి!

ఆమె నందిని పక్కన వంగింది. "పింటూ చెప్పిండు గద బిడ్డా, మూడని. అది నొక్కు, సార్ పోతడు."

"నాకెర్కే టీచర్. మూడుకు కుండ పగుల్తది. ఎందుకు పగుల్తదో ఎర్కలేదు. రెండున్నర పెడితె రాయి యాడ పడ్తదో సూడాలె."

"సంపుతడే!"

"కొట్టనియ్యుండ్రి."

బెత్తం వచ్చింది. నందిని ఎడమ అరచెయ్యి తానే బెంచీ మీద చాపి, కుడిచేత్తో రెండున్నర నొక్కింది. రాయి గోడకు తగిలి ఇవతలే పడింది. గోపాలకృష్ణ చేతిలో ఫోన్ మోగింది.

"ఏందే, నాతోనే పరాచికాలా?"

"జర తక్కువైంది," అనుకుంది నందిని పైకే, తెర మీంచి చూపు తిప్పకుండా.

బెత్తం పైకి లేచింది. వసుధ ఆ నెత్తుటి అరచేతి మీద తన చెయ్యి కప్పింది.

బెత్తం ఆగలేదు.