మాస్టారి కుడి భుజం

ఆ వృద్ధుల హోమ్‌లో ఇరవై ఏడేళ్ళుగా పనిచేస్తున్న ఆయాని అందరూ వేణ్ణీళ్ళక్క అనేవారు. ఎవరికి స్నానం చేయించాలన్నా ముందు తన మోచేతి మీద నీళ్ళు పోసుకుని వేడి చూసుకునేది కనుక ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

అలాంటి మనిషిని పట్టుకుని, సోమవారం నుంచి ఒక కుర్ర నర్సు చెప్పే క్లాసుకి రావాలన్నాడు మేనేజరు. కొత్త నిబంధన వచ్చిందట. ఆయాలందరూ అరవై గంటల శిక్షణ తీసుకోవాలి, పరీక్ష పాసవ్వాలి, పేరు నమోదు చేయించుకోవాలి. లేదంటే మంచంలో ఉన్నవాళ్ళ మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు.

"ఈ వయసులో నాకు పలకా బలపమా బాబూ? ఆ క్లాసు చెప్పే పిల్ల పాలు తాగే రోజుల నుంచీ చేస్తున్నా ఈ పని" అందామె.

"నన్నేం చెయ్యమంటావక్కా? నేనూ కూర్చోవాలి" అన్నాడతను తల గోక్కుంటూ.

క్లాసు భోజనాల గదిలో పెట్టారు. బల్లలు గోడకి జరిపి, మధ్యలో ఒక మంచం వేశారు. కొత్తగా చేరిన అమ్మాయిలు తొమ్మిదిమంది ముందు కూర్చుంటే, వేణ్ణీళ్ళక్క వెనక కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. పాఠం చెప్పే నర్సుకి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. ముట్టుకునే ముందు మాట్లాడండి, తల దువ్వే ముందు అడగండి అంటూ ఆమె చెబుతుంటే వేణ్ణీళ్ళక్కకి లోలోపల నవ్వొచ్చింది. ఇవన్నీ తనకి పని నేర్పిన ముసలాయా ఏనాడో చెప్పిన ముక్కలే.

ముసలాయా! తలుచుకోగానే ఆమె కళ్ళ ముందు పాత హోమ్ మెదిలింది. అప్పట్లో పన్నెండు మంచాలే. చేరిన మొదటి రోజున ముసలాయా ఆమె మణికట్టు పట్టుకుని గదిగదికీ తిప్పింది. "నేను చేసినట్టు చెయ్యి. ఎందుకని మాత్రం అడక్కు, నాకూ తెలీదు" అంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, ఇద్దరూ పెరటి మెట్ల దగ్గర ఆరిన దుప్పట్లు మడతపెట్టేవాళ్ళు. చెరో రెండు కొసలూ పట్టుకుని ఎదురెదురుగా నడిచి, దుప్పటి మడత కలిసిన చోట ముసలాయా ఆమె ముక్కు పట్టుకుని గిల్లేది. ఎండకి కాగిన బట్టల వాసన, ఎవరో ఒకరి గురక, ఇద్దరి నవ్వు. ఇంట్లో ఎన్ని బాధలున్నా ఆ మెట్ల మీదికొచ్చేసరికి దూదిపింజల్లా తేలిపోయేవి.

మూడో రోజు పాఠం, మంచంలోంచి మనిషిని లేపడం.

"చంకల కింద చేతులు వేసి లాగకూడదు" అంది నర్సు. "పెద్దవాళ్ళకి భుజం కీలు జారుతుంది. పక్షవాతం వచ్చిన వైపయితే మరీ సుళువుగా. ఇలా పక్కకి తిప్పి, కాళ్ళు కిందికి దించి, ఇద్దరు కలిసి లేపాలి."

వేణ్ణీళ్ళక్క తన చేతుల వంక చూసుకుంది. ఇన్నేళ్ళూ ఆమె చంకల కింద చేతులు వేసే లేపింది. ముసలాయా అలాగే లేపేది మరి.

ఆమెకి లెక్కల మాస్టారు గుర్తొచ్చారు.

అప్పటికి ఆమె చేరి మూడేళ్ళు. మాస్టారికి కుడివైపు పక్షవాతం. రబ్బరు బంతి పిసికి పిసికి, మళ్ళీ సుద్దముక్క పట్టుకునే దాకా వచ్చారు. మంచం పక్కన చిన్న నల్లబల్ల పెట్టించుకుని, ఐదో తరగతితో చదువాపేసిన ఆమె కోసం రోజుకో లెక్క వేసేవారు. "నీ బుర్ర తాళం పెట్టిన గది పిల్లా. సామానంతా లోపలే ఉంది" అనేవారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వేవారు. ఆ నవ్వు కోసం ఆమె ఒక్కోసారి కావాలనే తప్పు చేసేది.

ఒక ఉదయం ఇంకా ఎనిమిదిమందికి స్నానాలు మిగిలి ఉన్నాయి. తొందరలో ఆయన్ని ఒక్క ఉదుటున లేపింది. ఆయన భుజంలో ఏదో పటుక్కుమంది. మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. డాక్టరు వచ్చాడు, అప్పటి మేనేజరు వచ్చాడు, ఏం జరిగిందని అడిగారు.

"నేనే జారాను. ఈ పిల్ల పట్టుకోబట్టి సరిపోయింది" అన్నారు మాస్టారు.

నిజంగానే జారారేమోనని ఆమె తనకి తాను నచ్చజెప్పుకుంది. ఆ తరువాత ఆ చెయ్యి బల్ల దాకా లేవలేదు. లెక్క ఆయన నోటితో చెబితే ఆమె రాసేది. రెండేళ్ళకి ఆయన పోయారు.

వేణ్ణీళ్ళక్క చప్పుడు చెయ్యకుండా క్లాసులోంచి లేచి పెరటి మెట్ల మీదికి వెళ్ళింది. కాసేపటికి నర్సు వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. సంగతంతా విని, "నీకెవరు నేర్పారక్కా?" అంది.

"ముసలాయా."

"ఆవిడకి?"

"ఆవిడకీ ఎవరూ చెప్పినట్టు లేదు" అంది వేణ్ణీళ్ళక్క.

"నీ తప్పు లేదని నేను తేలిగ్గా అనెయ్యగలను. కానీ ఆ మాట చెప్పాల్సింది నేను కాదేమో" అంది నర్సు మెల్లగా.

పాత ఫైలులో మాస్టారి కూతురి నంబరు ఉంది. వేణ్ణీళ్ళక్క రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, మూడో రోజు ఫోను చేసింది. ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

"నాకు తెలుసండీ" అంది కూతురు. "నాన్న ఆ వారమే చెప్పారు. 'పాఠం చెప్పకుండా పరీక్ష పెడుతున్నారు పాపం ఆ పిల్లలకి. నేర్పించమని పైవాళ్ళకి ఉత్తరం రాయవే' అన్నారు. రాశాను కూడా. ఇవ్వలేదు. నాన్నని ఇంటికి తీసుకుపొమ్మంటారేమోనని భయం వేసింది. ఆ ఉత్తరం ఇచ్చుంటే మీ తరువాత వచ్చినవాళ్ళయినా నేర్చుకునేవాళ్ళు. ఎప్పుడు తలుచుకున్నా నాకు సిగ్గేస్తుంది."

ఇద్దరూ ఏడ్చారు. ఆ తరువాత మాస్టారి నవ్వు గురించి మాట్లాడుకున్నారు.

నెల తిరగకుండానే తనిఖీ అధికారి వచ్చింది. ఇదివరకు పెద్దవాళ్ళెవరొచ్చినా "ఏ లోటూ లేదండీ" అని ముందుగా అనేది వేణ్ణీళ్ళక్కే. మనిషిని లేపేటప్పుడు ఇద్దరుంటారా అని అధికారి అడిగితే, ఉంటారన్నాడు మేనేజరు.

"ఉండరండీ" అంది వేణ్ణీళ్ళక్క. "పొద్దునపూట తొమ్మిదిమందికి ఒక్కరం. ఇద్దరు లేపాలని పుస్తకంలో రాస్తే చాలదు, ఆ రెండో మనిషి ఉండాలి కదా! ఈ బాబునేం అనకండి. పైవాళ్ళని అడిగి అడిగి ఇతని నోరు నొప్పెట్టింది."

మేనేజరు మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మనుషుల్ని పెంచడానికి అధికారి మూడు నెలల గడువు పెట్టింది. గడువుకి వారం ముందే నలుగురు కొత్తవాళ్ళు చేరారు. మేనేజరు డ్యూటీ కాగితం తెచ్చి, వరసకి రెండేసి పేర్లు చూపించి, "ఇప్పుడు సంతోషమేనా తల్లీ?" అన్నాడు దెప్పుతున్నట్టు. అతని ముఖంలోనూ సంతోషమే కనపడింది.

ఆమె పరీక్ష పాసైంది. కొత్త జట్టుకి క్లాసు మొదలైనప్పుడు, లేపడం నువ్వే చూపించక్కా అంది నర్సు. ముందుగా మాస్టారి సంగతి చెప్పింది వేణ్ణీళ్ళక్క. నల్లబల్ల, పళ్ళు లేని నవ్వు, పటుక్కుమన్న చప్పుడు, ఏదీ వదలకుండా చెప్పింది.

చివర కూర్చున్న అమ్మాయి తల వంచుకుని, "మా అమ్మమ్మని నేనూ అలాగే లేపేదాన్నక్కా" అంది.

"రామ్మా, ఈ మంచం మీద పడుకో. ముందు నిన్ను లేపి చూపిస్తాను" అంది వేణ్ణీళ్ళక్క, దుప్పటి ముడతలు సరిచేస్తూ.